బ్రౌజర్‌లోనే నడిచే స్క్రీన్ రీడర్ మూగబోతే: లక్షణం, కారణం, పరిష్కారం

నెట్ సెంటర్‌లోనో, కాలేజీ ల్యాబ్‌లోనో, ఆఫీసులో వేరొకరి సీటు దగ్గరో కూర్చోవలసి వచ్చినప్పుడు, ఆ కంప్యూటర్‌లో ఏదీ ఇన్‌స్టాల్ చేసే అనుమతి మనకు ఉండదు. చూపు లేనివారికి అటువంటి చోట బ్రౌజర్‌లోనే నడిచే స్క్రీన్ రీడర్ (తెరపై ఉన్నదాన్ని చదివి వినిపించే సాధనం) అక్కరకు వస్తుంది. వీటిలో రెండు రకాలున్నాయి. మొదటిది ఒక వెబ్ చిరునామా తెరిస్తే చాలు, తానే ఇతర పేజీలను తెచ్చి చదివి వినిపించే రకం. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ బిగమ్, రిచర్డ్ లాడ్నర్ బృందం 2008లో బయటికి తెచ్చిన వెబ్‌ఎనీవేర్ దీనికి తొలి ఉదాహరణల్లో ఒకటి. రెండవది గూగుల్ వారి పాత క్రోమ్‌వాక్స్ వలె బ్రౌజర్‌కు ఎక్స్‌టెన్షన్‌గా, అంటే అదనంగా చేర్చుకునే చిన్న ప్రోగ్రామ్‌గా, చేరే రకం. క్రోమ్‌బుక్‌లో మాత్రం క్రోమ్‌వాక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే భాగంగా వస్తుంది; అక్కడ కంట్రోల్, ఆల్ట్, జెడ్ కలిపి నొక్కితే లాగిన్ తెర దగ్గర కూడా మాట్లాడుతుంది కనుక, కింద చెప్పే ఇబ్బందుల్లో చాలావరకు దానికి వర్తించవు.

కింది సమస్యల్లో ఎక్కువ భాగానికి మూలం ఒక్కటే. ఎన్‌వీడీఏ, జాస్, నరేటర్ వంటి మామూలు స్క్రీన్ రీడర్లు మొత్తం కంప్యూటర్‌ను చదువుతాయి; బ్రౌజర్ రీడర్ పేజీ లోపలి భాగాన్ని మాత్రమే చదువుతుంది. అడ్రస్ బార్, మెనూలు, ఫైలు ఎంచుకునే పెట్టె, విండోస్ అనుమతి అడిగే ప్రశ్న, ఇవన్నీ దాని పరిధికి బయటే ఉంటాయి. ఏదైనా ఆగిపోయినప్పుడు, ఫోకస్ (మనం నొక్కే కీ పనిచేసే చోటు) ఇప్పుడు పేజీ లోపల ఉందా, బయట ఉందా అని మొదట తేల్చుకుంటే సగం వెతుకులాట తప్పుతుంది.

అసలు శబ్దమే రావడం లేదు

ఈ ఒక్క లక్షణానికి కనీసం ఐదు కారణాలున్నాయి. వరుస తప్పకుండా పరీక్షించకపోతే, హెడ్‌ఫోన్ తీగ ఊడిపోయిన కంప్యూటర్ ముందు కూర్చుని ఎక్స్‌టెన్షన్ సెట్టింగులు మారుస్తూ పోయే పరిస్థితి వస్తుంది.

మొదట కంట్రోల్, విండోస్, ఎంటర్ కలిపి నొక్కి విండోస్‌తోపాటు వచ్చే నరేటర్‌ను తెరవండి. అదీ మాట్లాడకపోతే దోషం శబ్దానిదే: వాల్యూమ్, హెడ్‌ఫోన్, స్పీకర్ చూసుకోవాలి. నెట్ సెంటర్లలో సీపీయూ వెనకవైపు స్పీకర్ తీగ, ముందువైపు హెడ్‌ఫోన్ రంధ్రం ఉంటాయి. ముందు రంధ్రానికి లోపల కనెక్షనే ఇవ్వని యంత్రాలు తక్కువేమీ కాదు కాబట్టి, వెనక రంధ్రంలో పెట్టి చూడమని అక్కడివారిని అడగవచ్చు. నరేటర్ మాట్లాడి, రీడర్ మాట్లాడకపోతే దోషం బ్రౌజర్‌ది. ఆ ట్యాబ్‌ను ఎవరైనా మ్యూట్ చేసి ఉండవచ్చు. మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ బ్రౌజర్‌లో కంట్రోల్, ఎమ్ నొక్కితే ట్యాబ్ మ్యూట్ అవుతుంది కనుక చేయి పొరపాటున తగిలినా ఇలా జరుగుతుంది. మళ్లీ అవే కీలు నొక్కితే శబ్దం తిరిగి వస్తుంది.

మూడవ కారణం చాలామందికి తెలియదు. వాడుకరి ఏదో ఒక కీ నొక్కేదాకా లేదా క్లిక్ చేసేదాకా పేజీ తనంతట తాను మాట్లాడకూడదన్న నియమాన్ని క్రోమ్ 2018 డిసెంబరులో, 71వ వెర్షన్‌తో, బ్రౌజర్ గొంతుకు (పాఠాన్ని మాటగా పలికే సదుపాయానికి) కూడా వర్తింపజేసింది. చప్పుడు చేసే ప్రకటనల బెడద తగ్గించడానికి తెచ్చిన ఇటువంటి నియమం వల్ల, వెబ్ పేజీగా నడిచే రీడర్ తెరవగానే స్వాగతం చెప్పలేక మౌనంగా ఉండిపోతుంది. చూపున్నవారికి అక్కడ ‘ప్రారంభించండి’ అనే బటన్ కనబడుతుంది. మనకు మాత్రం అది చెడిపోయిందనిపిస్తుంది. పేజీ తెరుచుకున్నాక ఎఫ్6తో ఫోకస్‌ను పేజీలోకి తెచ్చి, ఒకసారి స్పేస్ నొక్కండి. గొంతు వస్తే కారణం ఇదే.

ఎక్స్‌టెన్షన్ రకమైతే ఇంకో రెండు కారణాలు. ఇన్‌స్టాల్ చేయకముందే తెరిచి ఉన్న ట్యాబ్‌లలో అది పనిచేయకపోవచ్చు, ఆ ట్యాబ్‌లను ఎఫ్5తో మళ్లీ లోడ్ చేయాలి. బ్రౌజర్ సెట్టింగుల పేజీలోను, ఎక్స్‌టెన్షన్లు దొరికే వెబ్ స్టోర్‌లోను అవి నడవడానికి క్రోమ్ భద్రతా కారణాలతో ఒప్పుకోదు. ఇన్‌స్టాల్ పూర్తవగానే మనం ఉండేది సరిగ్గా ఆ స్టోర్ పేజీ మీదే కావడంతో, పనిచేస్తున్న రీడర్‌ను పనిచేయడం లేదనుకుని తీసేసేవారున్నారు. పరీక్షకు తెలుగు వికీపీడియాలో ఏదో ఒక వ్యాసం తెరవండి. హెడింగులు, లింకులు, తెలుగు పాఠం మూడూ ఒకేచోట సక్రమంగా దొరుకుతాయి. పెన్ డ్రైవ్‌లోని పేజీని తెరిచినా, ఇన్‌కాగ్నిటో విండోలో ఉన్నా ఎక్స్‌టెన్షన్ వివరాల పేజీలో విడిగా అనుమతి ఇవ్వాలి.

ప్రతి మాటలో మొదటి అక్షరం మింగేస్తోంది

బ్లూటూత్ హెడ్‌ఫోన్ వాడేవారికి ఇది తరచుగా ఎదురవుతుంది. మాటకూ మాటకూ మధ్య నిశ్శబ్దంలో అది విద్యుత్ ఆదా కోసం నిద్రపోయి, మళ్లీ లేచేలోగా మొదటి అక్షరం పోతుంది. ‘లింకు’ కాస్తా ‘ఇంకు’ అవుతుంది. తీగ ఉన్న హెడ్‌ఫోన్ వాడడమే నమ్మకమైన మార్గం.

రెండు గొంతులు ఒకదాని మీద ఒకటి మాట్లాడుతున్నాయి

ఇంటి కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ నడుస్తుండగానే బ్రౌజర్ రీడర్‌ను పరీక్షించేవారందరికీ ఇది ఎదురవుతుంది. రెండూ ఒకే పేజీని చదువుతాయి, రెండూ ఒకే కీ కోసం కాచుకుని ఉంటాయి. ఎన్‌వీడీఏ బ్రౌజ్ మోడ్‌లో (ఒక్కో అక్షరపు కీతో పేజీలో తిరిగే పద్ధతిలో) హెచ్ అక్షరం నొక్కితే అది తదుపరి హెడింగుకు వెళ్లిపోతుంది. ఆ కీ బ్రౌజర్ రీడర్ దాకా చేరనే చేరదు.

ఎన్‌వీడీఏను పూర్తిగా మూసివేయనక్కరలేదు. బ్రౌజర్‌లో ఉండగా, డెస్క్‌టాప్ కీ అమరికలో, ఎన్‌వీడీఏ కీ, షిఫ్ట్, ఎస్ నొక్కితే అది ఆ ప్రోగ్రామ్ వరకు నిద్రలోకి వెళుతుంది. మళ్లీ అవే కీలతో లేస్తుంది. ఇన్సర్ట్‌నో క్యాప్స్ లాక్‌నో మీరు ఎన్‌వీడీఏ కీగా పెట్టుకుని ఉంటారు. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది: ఈ నిద్ర ఒక్క ట్యాబ్‌కు కాదు, మొత్తం బ్రౌజర్‌కు. కాబట్టి అడ్రస్ బార్‌కు వెళ్లినప్పుడు బ్రౌజర్ రీడర్ చదవలేదు, ఎన్‌వీడీఏ పలకదు, రెండు స్క్రీన్ రీడర్లు ఉండి కూడా చెవిలో ఏమీ పడదు. ఆల్ట్, ట్యాబ్‌తో వేరే ప్రోగ్రామ్‌కు మారితే ఎన్‌వీడీఏ గొంతు వినబడుతుంది, దాంతో యంత్రం ఆగిపోలేదని నిర్ధారించుకోవచ్చు. ఒక్క షార్ట్‌కట్‌ను మాత్రమే బ్రౌజర్ రీడర్‌కు పంపాలంటే ముందుగా ఎన్‌వీడీఏ కీ, ఎఫ్2 నొక్కి, తరువాత ఆ షార్ట్‌కట్ నొక్కాలి. జాస్‌లో ఇదే పనికి ఇన్సర్ట్, 3.

షార్ట్‌కట్ నొక్కితే వేరే ఏదో జరుగుతోంది

బ్రౌజర్ రీడర్లలో కొన్ని తమ ఆదేశాలకు కంట్రోల్, ఆల్ట్ జంటను వాడుతాయి, కానీ ఆ జంటకు ఇంతకుముందే చాలామంది యజమానులున్నారు. ఎన్‌వీడీఏలో కంట్రోల్, ఆల్ట్‌తో బాణాల కీలు పట్టికల్లో ఒక గడి నుంచి మరో గడికి తీసుకెళతాయి. గూగుల్ డాక్స్‌లో కంట్రోల్, ఆల్ట్, జెడ్ ఆ డాక్యుమెంట్‌కు స్క్రీన్ రీడర్ సహాయాన్ని తెరిచే, మూసే ఆదేశం. అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది పాత ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్: కంట్రోల్, ఆల్ట్‌తో కింది బాణం నొక్కితే తెర మొత్తం తలకిందులవుతుంది, ఎడమ, కుడి బాణాలతో పక్కకు తిరుగుతుంది. మనకు వినికిడిలో ఏ తేడా ఉండదు, పని సాఫీగానే సాగుతుంది. మనం లేచి వెళ్లాక కూర్చున్నవారు మాత్రం ‘సిస్టం పాడైపోయింది’ అని గొడవ చేస్తారు. కంట్రోల్, ఆల్ట్‌తో పై బాణం నొక్కితే తెర యథాస్థితికి వస్తుంది. రీడర్ ఆప్షన్లలో ఆదేశపు కీలను మార్చుకునే వీలుంటే మొదటి రోజే మార్చుకోవడం మేలు.

ఇంగ్లీషు మాటలు, అంకెలు చదివి తెలుగును దాటేస్తోంది

తెలుగువారికి అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. వార్త తెరిస్తే ‘2024’ అని, ఏదో ఒక కంపెనీ పేరు, మళ్లీ ‘15’ అని వినబడి, మధ్యలో అంతా నిశ్శబ్దంగా ఉంటుంది. రీడర్ పేజీని చదువుతూనే ఉంది, కానీ పాఠాన్ని పలికే గొంతుకు తెలుగు అక్షరాలు తెలియవు.

బ్రౌజర్ రీడర్‌కు సాధారణంగా సొంత గొంతు ఉండదు. బ్రౌజర్ ఇచ్చే గొంతులనే వాడుకుంటుంది. కంప్యూటర్‌లోని క్రోమ్‌తోపాటు వచ్చే గూగుల్ గొంతుల్లో హిందీ ఉంది, తెలుగు లేదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో గూగుల్ వారి తెలుగు గొంతు చక్కగా పలుకుతుండగా కంప్యూటర్ క్రోమ్‌లో పలకకపోవడానికి కారణం ఇదే; ఫోన్‌లో విన్నవారు ఇక్కడ ఏదో సెట్టింగు తప్పిందనుకుని వెతుకుతుంటారు. మైక్రోసాఫ్ట్ ఎడ్జ్‌లో మాత్రం శ్రుతి, మోహన్ అనే రెండు తెలుగు గొంతులున్నాయి. క్రోమ్ కోసం తయారైన ఎక్స్‌టెన్షన్లలో చాలావరకు ఎడ్జ్‌లోనూ చేరుతాయి కాబట్టి, తెలుగు చదవాలంటే రీడర్‌ను ఎడ్జ్‌లో పెట్టి, గొంతుల జాబితాలో వీటిలో ఒకటి ఎంచుకోవాలి. ఇవి ఇంటర్నెట్ మీద ఆధారపడే గొంతులు. నెట్ పోతే గొంతూ పోతుంది.

గొంతు ఉన్నా తెలుగును దాటేస్తుంటే పేజీ తన భాషను తప్పుగా చెప్పుకుంటోందని అనుమానించాలి. ప్రతి పేజీలో అది ఏ భాషదో చెప్పే గుర్తు ఒకటి ఉంటుంది. తెలుగు సైట్లలో కొన్ని రెడీమేడ్ డిజైన్‌ను తెచ్చి, ఆ గుర్తును ఇంగ్లీషుగానే వదిలేస్తాయి. రీడర్ దాన్ని నమ్మి ఇంగ్లీషు గొంతుకు మారుతుంది, ఆ గొంతు తెలుగు అక్షరాలను వదిలేస్తుంది. భాషను బట్టి గొంతు తనంతట తాను మారే సదుపాయాన్ని ఆపివేసి, తెలుగు గొంతును స్థిరంగా ఉంచితే పని జరుగుతుంది. ఎడ్జ్‌లో కంట్రోల్, షిఫ్ట్, యూతో వచ్చే ‘బిగ్గరగా చదువు’ సదుపాయాన్ని కొందరు స్క్రీన్ రీడర్‌గా చెబుతుంటారు. వ్యాసం వినడానికి అది బాగుంటుంది, కానీ బటన్లు, ఫారంలు దానితో నడవవు.

తెలుగు పేజీని అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలుగా చదువుతోంది

ఇది గొంతు తప్పు కాదు, దాన్ని మార్చి ప్రయోజనం లేదు. అను ఫాంట్ల వంటి పాత డీటీపీ ఫాంట్లలో కూర్చిన పాఠం తెరపై తెలుగులా కనబడుతుంది, లోపల మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులే ఉంటాయి. స్క్రీన్ రీడర్ లోపల ఉన్నదాన్నే చదువుతుంది. పాత పత్రికల పేజీలు, ప్రెస్సులో తయారైన పీడీఎఫ్‌లు, కొన్ని ప్రకటనలు ఇలా ఉంటాయి. పాఠాన్ని కాపీ చేయగలిగితే, అను నుంచి యూనికోడ్‌కు (తెలుగు అక్షరాలను తెలుగుగానే భద్రపరిచే పద్ధతికి) మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఒత్తులు, సంయుక్తాక్షరాల దగ్గర అక్కడక్కడా తప్పులు దొర్లుతాయి. కాపీ చేస్తే ఏమీ రాకపోతే అది స్కాన్ చేసిన బొమ్మ. దాన్ని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే, బొమ్మలోని తెలుగు పాఠంగా మారి వస్తుంది. పట్టికలు, రెండు కాలమ్‌ల పేజీలు చెదిరిపోతాయన్నది ముందే తెలిసి ఉండాలి.

పేరా మధ్యలో హఠాత్తుగా ఆగిపోతోంది

క్రోమ్‌లో గూగుల్ ఆన్‌లైన్ గొంతులకు ఎప్పటినుంచో ఉన్న లోపమిది: ఒకే బిగిన దాదాపు 15 సెకన్లు చదివాక మాట తెగిపోతుంది. వాక్యం వాక్యంగా చదివే పద్ధతికి మార్చుకోండి, లేదా కంప్యూటర్‌లోనే ఉన్న మైక్రోసాఫ్ట్ గొంతును ఎంచుకోండి.

డబ్బు చెల్లించే పేజీ దగ్గర నోరు మెదపడం లేదు

పేజీలోపల మరో సంస్థ పేజీ చొప్పించి ఉంటే, బయటి పేజీకి లోపలి దాన్ని చదివే అధికారం బ్రౌజర్ ఇవ్వదు. వెబ్ పేజీగా నడిచే రీడర్ ఇక్కడ నిస్సహాయం. ఎక్స్‌టెన్షన్‌కు అన్ని సైట్లపై అనుమతి ఉంటే చదివే అవకాశముంది. అయితే చదవగలిగినా అక్కడ దాన్ని వాడవద్దనే నా సలహా. వెబ్‌ఎనీవేర్ తరహా రీడర్లలో మనం తెరిచే పేజీ మధ్యలో వారి సర్వర్ గుండా వస్తుంది, ఆన్‌లైన్ గొంతు వాడితే పలకవలసిన పాఠం గొంతు సంస్థ సర్వర్‌కు వెళుతుంది. బ్యాంకు పాస్‌వర్డు, ఓటీపీ, ఆధార్ వివరాలు అటువంటి దారిలో పోనివ్వకూడదు. ఎన్‌వీడీఏకు ఇన్‌స్టాల్ అవసరం లేని పోర్టబుల్ కాపీ ఉంది. పెన్ డ్రైవ్‌లో పెట్టుకుంటే చాలా కంప్యూటర్లలో నేరుగా నడుస్తుంది, దానితో వచ్చే ఈస్పీక్ గొంతు ఇంటర్నెట్ లేకుండానే తెలుగు పలుకుతుంది. ఆ గొంతు వినసొంపుగా ఉండదన్నది నిజమే, కానీ లావాదేవీల దగ్గర నేను దాన్నే నమ్ముతాను. పెన్ డ్రైవ్ పెట్టనివ్వని చోట కనీసం నరేటర్ ఉంటుంది.

నిన్నటిదాకా ఉన్న ఎక్స్‌టెన్షన్ ఈరోజు లేదు

పాత పద్ధతిలో రాసిన ఎక్స్‌టెన్షన్లను క్రోమ్ 2024లో మొదలుపెట్టి 2025 నాటికి పూర్తిగా ఆపివేసింది. తయారుచేసినవారు కొత్త పద్ధతికి మార్చి ఉంటే స్టోర్ నుంచి మళ్లీ తెచ్చుకోవచ్చు. మార్చకపోతే దానికోసం పాత బ్రౌజర్ వాడడం భద్రతకు ముప్పు.

‘బటన్, బటన్, బటన్’ అని మాత్రమే అంటోంది

బటన్ మీద బొమ్మ పెట్టి, పేరు రాయకుండా వదిలేసిన సైటు తప్పిది. వేరే స్క్రీన్ రీడర్‌తోనూ అదే వినబడితే సందేహం లేదు. అప్పుడు సైటు నిర్వాహకులకు రాయండి. ప్రభుత్వ సైటయితే 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టాన్ని ప్రస్తావించండి. ‘మీ సైటు పనిచేయడం లేదు’ అంటే ఎవరూ పట్టించుకోరు కనుక, పేజీ చిరునామా, బ్రౌజర్ పేరు, వెర్షన్, రీడర్ పేరు, ఏ కీ నొక్కితే ఏ మాట వినబడింది, నిజానికి ఏమి వినబడాలి అన్నవి వరుసగా రాయాలి.