నటుల హెడ్‌షాట్‌లకు రేటు చెప్పే ముందు జాగ్రత్తలు

హెడ్‌షాట్ అంటే నటులు ఆడిషన్ల కోసం తీయించుకునే ముఖం ఫొటో. ఫోన్‌లో "ఎంతవుతుందన్నా?" అనగానే అంకె చెప్పేయకండి. ఎన్ని లుక్‌లు (వేషాలు), ఎన్ని ఫైనల్ ఫొటోలు, మేకప్ ఎవరిది అన్నవి ముందు అడగండి.

షూట్ గంటలే లెక్కేస్తే నష్టం ఖాయం. ఉదాహరణకు షూట్ 2 గంటలు, ఎంపిక 1 గంట, 6 ఫొటోల రీటచింగ్ (మెరుగులు దిద్దడం) ఒక్కోదానికి అరగంట చొప్పున 3 గంటలు. మొత్తం 6. గంటకు 500 అనుకుంటే 3,000. మేకప్‌కు 1,500 ఇస్తే 4,500. స్టూడియో అద్దె, కరెంటు, కెమెరా అరుగుదల ఇంకా కలపలేదు.

పెళ్లి ఆల్బమ్ రేటుతో పోల్చి బేరమాడతారు. కానీ హెడ్‌షాట్‌లో ముఖం ఉన్నదున్నట్టు కనబడాలి. చర్మం నున్నగా చేసేస్తే ఆడిషన్‌లో మనిషి వేరేలా ఉంటాడు. ఎంతవరకు రీటచ్ చేస్తారో, అదనపు ఫొటోకు ఎంతో రాసివ్వండి.

కొందరు బయట తీయమంటారు. ఉదాహరణకు కడప నుంచి గండికోట పోను రాను సుమారు 160 కిలోమీటర్లు. బండి ఖర్చు విడిగా చెప్పండి. గండికోట భారత పురావస్తు శాఖ (ఏఎస్ఐ) రక్షిత కట్టడం. లైట్లు, ట్రైపాడ్‌లతో వెళ్లాలంటే అనుమతి ముందే చూసుకోవాలి. ఎండాకాలమైతే ఉదయం 8 లోపే ముగించాలి, లేదంటే ఎండకు కళ్లు చిట్లిస్తారు. అసలు హెడ్‌షాట్‌కు తెల్లగోడ, కిటికీ వెలుతురు చాలు!

డబ్బు తీసుకుని తీసిన పోర్ట్రెయిట్‌పై, వేరే ఒప్పందం లేకుంటే, 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మొదటి హక్కు తీయించుకున్నవారిదే. మీ పేజీలో పెట్టుకోవాలంటే ముందే రాయించుకోండి.

సగం అడ్వాన్సు. మిగతాది ఒరిజినల్ ఫైళ్లు ఇచ్చేలోపు.