కొన్నది వెనక్కి ఇవ్వాలంటే: షాపులో ఒక లెక్క, ఆన్‌లైన్‌లో ఒక లెక్క

వస్తువు వెనక్కి ఇచ్చే ముందు ఒక్క విషయం తేల్చుకోండి. అది మీకు నచ్చలేదా, లేక అసలు అది బాగోలేదా? ఈ తేడా తేల్చుకోకుండా కౌంటర్ దగ్గర వాదనకు దిగడం వల్లే చాలామంది ఉత్త చేతులతో తిరిగొస్తున్నారు. మన దేశంలో చట్టం అండగా నిలిచేది బాగోలేని వస్తువుకు. నచ్చని వస్తువు సంగతి అమ్మినవాళ్ల పాలసీని బట్టే ఉంటుంది, ఆన్‌లైన్‌లో కొన్నా సరే. బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్లకు మాత్రం, ఆన్‌లైన్‌లో కొన్న చాలా వస్తువులను చేతికందిన 14 రోజుల్లో కారణం చెప్పకుండానే రద్దు చేసుకునే హక్కు ఉంది. అలాంటి హక్కు ఇక్కడ లేదు.

సమస్య: షాపులో కొన్నాను, ఇంటికొచ్చాక నచ్చలేదు. డబ్బు తిరిగి ఇచ్చేది లేదంటున్నారు.

కారణం: చూసి, పట్టుకుని, ఒప్పుకుని కొన్న వస్తువు కాబట్టి మనసు మారినందుకు డబ్బు తిరిగి ఇవ్వాలని చట్టం షాపును బలవంతపెట్టదు.

ఏం చేయాలి: బిల్లు వెనక్కి తిప్పి చదవండి. "7 రోజుల్లో ఎక్స్‌ఛేంజ్" అని ఉంటే, తాను రాసిన మాటకు షాపు కట్టుబడాల్సిందే. ట్యాగ్ తీయకండి. చీరైతే ఫాల్ కుట్టించకండి, జాకెట్ ముక్క కత్తిరించకండి. అవి జరిగాక ఏ షాపూ తీసుకోదు, అందులో వాళ్ల తప్పూ లేదు. డబ్బుకు బదులు క్రెడిట్ నోట్ (అదే షాపులో అంత మొత్తానికి మళ్లీ కొనుక్కునే చీటీ) ఇస్తామంటే దాని మీద గడువు ఎంత ఉందో అక్కడే చూసుకోండి. అన్నిటికన్నా మేలు, డబ్బు కట్టే ముందే "నచ్చకపోతే మారుస్తారా, డబ్బు ఇస్తారా?" అని అడిగి, ఆ మాట బిల్లు మీద రాయించుకోవడం.

సమస్య: వస్తువులో లోపం ఉంది. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బిల్లు చూపిస్తున్నారు.

కారణం: ఆ వాక్యం చూసి మనం తగ్గిపోతామని వాళ్ల నమ్మకం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 (2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చింది) దీన్ని మరోలా చూస్తుంది. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులో, గడువు రాసి లేకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే.

మా ఇంట్లో ఓణీల ఫంక్షన్‌కి కొన్న పట్టుచీరలో, పగటి వెలుగులో మడత విప్పి చూస్తే జరీ పోగులు తెగి కనిపించాయి. షాపువాళ్లు బిల్లు అడుగున ఉన్న ఆ లైనే చూపించారు. మా అక్క ఏడుపు ఒక్కటే తక్కువ. అక్కడ గొడవ పెట్టుకోకుండా, లోపం ఏమిటో, ఏ తేదీన కొన్నామో, చట్టం ఏం చెబుతుందో అర పేజీలో రాసి రెండు కాపీలు తీసుకెళ్లాం. ఒకటి వాళ్లకిచ్చి, రెండోదాని మీద స్టాంపు, సంతకం అడిగాం. స్టాంపు అడిగేసరికి మేనేజర్ కూర్చోబెట్టి మాట్లాడాడు, నాలుగు రోజుల్లో డబ్బు వచ్చింది. నోటిమాటకు లేని బలం ఆ కాగితానికి ఉంటుందని నేను గట్టిగా నమ్ముతాను.

సమస్య: ఆన్‌లైన్‌లో బొమ్మలో చూపింది ఒకటి, వచ్చింది ఇంకొకటి. పికప్‌కి వచ్చిన అబ్బాయి తీసుకోకుండా వెళ్లిపోయాడు.

కారణం: అతని ఫోన్‌లోని ఫొటోకీ మీ చేతిలోని వస్తువుకీ పొంతన కుదరలేదు. తప్పు వస్తువు వచ్చిందన్నదే మీ ఫిర్యాదైనప్పుడు పొంతన ఎలా కుదురుతుంది? యాప్‌లో "సైజు సరిపోలేదు" అని నొక్కితే ఈ చిక్కు తప్పదు. "వేరే వస్తువు వచ్చింది" అనే కారణమే ఎంచుకుని, ఫొటోలు పెట్టండి. ఖరీదైనదైతే పార్సిల్ మీది అడ్రస్ చీటీ కనిపించేలా, విప్పుతున్నప్పుడే వీడియో తీసుకోండి.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం లోపమున్నవి, నకిలీవి, ప్రకటనలో చెప్పినట్టు లేనివి వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. చెప్పిన తేదీ దాటి వచ్చినవి కూడా ఇందులోకే వస్తాయి, ఆలస్యానికి వరదలాంటి, ఎవరి చేతుల్లోనూ లేని కారణం ఉంటే తప్ప. పెళ్లి అయిపోయాక చేతికొచ్చిన షేర్వాణీకి ఏ లోపమూ లేకపోయినా వెనక్కి ఇవ్వొచ్చన్నమాట. ఈ సంగతి చాలామందికి తెలియదు, తెలిసి తీరాలి.

కస్టమర్ కేర్ చాట్‌లో తిప్పుతూనే ఉంటే వెబ్‌సైట్‌లో గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) వివరాలు వెతికి ఈమెయిల్ పెట్టండి. 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి.

సమస్య: వస్తువు తీసుకెళ్లారు, డబ్బు రాలేదు.

యాప్‌లో "రిఫండ్ పూర్తయింది" అని ఉంటే యూటీఆర్ నంబర్, కార్డు పేమెంట్ అయితే ఏఆర్ఎన్ నంబర్ (డబ్బు పంపిన లావాదేవీని బ్యాంకు గుర్తుపట్టే నంబర్లు ఇవి) అడిగి బ్యాంకులో చూపించండి. క్యాష్ ఆన్ డెలివరీ అయితే డబ్బు వ్యాలెట్‌లో పడిందేమో చూడండి. టెన్షన్‌లో గూగుల్‌లో దొరికిన నంబరుకు మాత్రం ఫోన్ చేయొద్దు. రిఫండ్ రావడానికి ఓటీపీ గానీ యూపీఐ పిన్ గానీ అక్కర్లేదు. అడిగారంటే మోసమే. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

సమస్య: ఎవరూ పలకడం లేదు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. అమ్మినవాళ్లు ఢిల్లీలో ఉన్నా మీరు ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు. 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు, కాబట్టి బిల్లు, చాట్ స్క్రీన్‌షాట్లు, స్టాంపు వేసిన కాపీ అప్పటిదాకా ఒకే కవర్‌లో దాచి ఉంచండి.