ప్యాడ్లు మార్చే ముందు పెడల్‌ను తొక్కి చూడండి

బ్రేకు సరిగా పడటం లేదని షెడ్డుకు వెళితే, చక్రం విప్పకముందే ప్యాడ్లు మార్చాలని చెప్పడం మన దగ్గర మామూలే. ప్యాడ్లు బాగున్నా బ్రేకులు పాడవుతాయి. కొత్తపట్నం, మైపాడు, కృష్ణపట్నం వైపు ఉప్పుగాలిలో తిరిగే కార్లలో అరుగుదలకంటే తుప్పును ముందుగా అనుమానించాలి. అందుచేత డబ్బు పెట్టే ముందు ఒక పది నిమిషాలు కారులో కూర్చుని పెడల్‌ను పరీక్షించడం మంచిది.

ఇంజన్ ఆపి పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కితే అది గట్టిపడుతుంది. అప్పుడు కాలు అదిమి ఉంచి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు పెడల్ కొద్దిగా కిందికి దిగితే బూస్టర్ (ఇంజన్ వాక్యూమ్‌తో మన తొక్కుకు బలం చేర్చే భాగం) పనిచేస్తున్నట్లే. దిగకపోతే, బూస్టర్‌కు వచ్చే వాక్యూమ్ పైపు చిట్లిందేమో, ఊడిందేమో ముందు చూడాలి. బూస్టర్ ధరతో పోలిస్తే ఆ పైపు ఖర్చు ఏపాటిదీ కాదు. తరవాత ఇంజన్ నడుస్తుండగానే పెడల్‌ను ఒకే బలంతో అర నిమిషం తొక్కి ఉంచండి. అది మెల్లగా నేలదాకా జారిపోతుంటే ఎక్కడో బ్రేక్ ఆయిల్ కారుతూ ఉండాలి, లేదా మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను పైపుల్లోకి నెట్టే భాగం) లోపలి రబ్బర్లు పోయి ఉండాలి. చక్రాల లోపలివైపు తడి లేకుండా, బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గకుండా పెడల్ మాత్రమే దిగుతుంటే లోపం మాస్టర్ సిలిండర్‌దే కావచ్చు. ఈ రెండింటిలో ఏది ఉన్నా కారును నడుపుకుంటూ కాక, మరో బండి మీద ఎక్కించి షెడ్డుకు చేర్చాలి.

పెడల్ స్పాంజిలా మెత్తగా ఉంటే పైపుల్లో గాలి చేరిందని అర్థం. ఆయిల్ మరిగినా ఇలాగే అవుతుంది. బ్రేక్ ఆయిల్ పేరుకే ఆయిల్. గాలిలోని తేమను అది మెల్లగా పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్త బ్రేక్ ఆయిల్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదని ప్రమాణం, తేమ చేరిన తరవాత ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. శ్రీశైలం నుంచి దోర్నాల వైపు ఘాట్ దిగుతూ కాలు తీయకుండా బ్రేకు తొక్కేవారికి ఆ వేడి అందనంత దూరంలో ఏమీ లేదు. ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు ఏర్పడితే, తొక్కిన బలమంతా వాటిని నొక్కడానికే సరిపోతుంది. కాబట్టి ఘాట్‌లో తక్కువ గేరులో దిగాలి, రెండేళ్లకొకసారి ఆయిల్ మార్పించాలి, డబ్బా మూత మీద ఏ రకం రాసి ఉంటే అదే పోయాలి. ఇంజన్ ఆయిల్ చుక్క కలిసినా రబ్బర్లు ఉబ్బి మొత్తం వ్యవస్థ పాడవుతుంది.

గాలి తీయడానికి ఇద్దరు కావాలి. క్యాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగం) మీద గాలి వదిలే నిపుల్‌కు సన్నని పారదర్శక గొట్టం తగిలించి, దాని రెండో కొసను కొంచెం ఆయిల్ ఉన్న సీసాలో ముంచాలి. ఒకరు పెడల్‌ను తొక్కి పట్టుకుంటే రెండోవారు నిపుల్‌ను కొద్దిగా వదులు చేసి, మళ్ళీ బిగించిన తరవాతే కాలు తీయమనాలి. బుడగలు ఆగేదాకా ఇలా చేస్తూ డబ్బాలో మట్టం కింది గీతకు దిగకుండా చూసుకోవాలి. ఏ చక్రం ముందన్నది మాన్యువల్ ప్రకారమే. ఆయిల్ పెయింట్ మీద పడితే వెంటనే నీళ్ళతో కడిగేయండి.

ఇక మన తీరానికి అసలైన తలనొప్పి, బ్రేకు తొక్కగానే కారు ఒక పక్కకు లాగడం. మొదట టైర్లన్నిటిలో గాలి సమానంగా ఉందో లేదో చూడండి. అది సరిగా ఉంటే, బ్రేకు పెద్దగా వాడకుండా హైవే మీద పది కిలోమీటర్లు నడిపి ఆపి, ఒక్కో చక్రం దగ్గర చెయ్యి పెట్టి (డిస్క్‌ను తాకకుండా) వేడి పోల్చండి. ఒకటి మాత్రమే కాలిపోతుంటే అక్కడ బ్రేకు పట్టేసింది. చాలాసార్లు క్యాలిపర్ బాగానే ఉంటుంది, అది జారాల్సిన గైడ్ పిన్నులు తుప్పుతో బిగుసుకుపోతాయి. నేను కొత్త ప్యాడ్లు వేయించాక కూడా నా కారు ఎడమకే లాగితే, చివరికి తేలింది ఈ పిన్నే. సమతలం మీద జాకీతో ఎత్తి, తప్పనిసరిగా స్టాండు పెట్టి, క్యాలిపర్‌ను పైపు మీద వేలాడనీయక తీగతో కట్టి, పిన్నులను బయటికి లాగి శుభ్రం చేయాలి. వాటికి బ్రేకుల కోసం అమ్మే సిలికాన్ గ్రీజే రాయాలి; మామూలు గ్రీజు రబ్బరు తొడుగులను ఉబ్బిస్తుంది.

రాత్రి వానకు డిస్క్ మీద పట్టిన పల్చని తుప్పు రెండు బ్రేకులతో పోతుంది, దానికి భయపడనక్కరలేదు. కీచుమనే శబ్దం ఆగకపోతే ప్యాడ్ మందం చూడండి. మూడు మిల్లీమీటర్లకు దిగితే ఎడమకూ కుడికీ కలిపి మార్చాలి. గరగరమంటే లోహం డిస్క్‌ను కొరుకుతోంది. కార్తీక మాసపు వానల్లో కారును రోజుల తరబడి కదపకుండా ఉంచేటప్పుడు హ్యాండ్ బ్రేకు వేస్తే వెనక షూలు డ్రమ్ముకు అంటుకుపోవచ్చు. సమతలమైతే గేరులో ఉంచి చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టడం మేలు.

కొత్త ప్యాడ్లు వేశాక, కారు కదిలించే ముందే పెడల్ గట్టిపడేదాకా తొక్కాలి. కొత్త ప్యాడ్లకు చోటు కోసం క్యాలిపర్ పిస్టన్‌ను వెనక్కి నెట్టి ఉంచినందువల్ల మొదటి తొక్కుకు పెడల్ నేరుగా నేలకు దిగుతుంది, ఆ సంగతి గేటు దాటాక తెలియకూడదు.