టీడీఎస్ 180 వచ్చింది, అయినా సీసా నల్లబడింది

మా అపార్ట్‌మెంట్‌లో ఎవరింట్లోనైనా పిల్లలకి విరేచనాలు పట్టుకున్నాయంటే చాలు, వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు టీడీఎస్ మీటర్ ఫొటో పెట్టి "180 ఉంది, నీళ్లు సూపర్" అంటారు. ఆ మీటర్‌కి తెలిసిందల్లా నీళ్లలో కరెంటు ఎంత పారుతోందన్నది, దాన్నిబట్టి కరిగిన లవణాలు ఎన్ని ఉన్నాయో లెక్కగట్టి చూపిస్తుంది. బిందెడు మంచినీళ్లలో గ్లాసుడు డ్రైనేజీ నీళ్లు కలిపినా అంకె పెద్దగా కదలదు. తాగునీటికి మన దేశం పెట్టుకున్న ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, వేరే నీళ్లు దొరకనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటారు. అంతవరకే దాని పని.

హైదరాబాద్‌లో నీళ్లు కృష్ణా నుంచి వచ్చినా గోదావరి నుంచి వచ్చినా మనం పిలిచేది మాత్రం మంజీరా నీళ్లనే. చాలాచోట్ల రోజు విడిచి రోజు వదులుతారు. సప్లై ఆగినప్పుడు పైపులో ఒత్తిడి పోయి, ఎక్కడైనా పగులుంటే బయటి మురుగు లోపలికి లాక్కుంటుంది. అందుకే మొదట వచ్చే నీళ్లు ఒక్కోసారి మట్టిరంగులో ఉంటాయి. వాటిని రెండు మూడు నిమిషాలు వదిలేశాక పరీక్ష మొదలుపెట్టండి.

ముందు, క్రిముల్ని చంపడానికి కలిపే క్లోరిన్ మిగిలి ఉందా అని చూడాలి. ఆర్థోటోలిడిన్ చుక్కల మందు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. కిట్‌లో ఇచ్చిన గాజు గొట్టంలో గీత దాకా నీళ్లు పట్టి, వాళ్లు చెప్పినన్ని చుక్కలు వేసి, పసుపు రంగు ఎంత వచ్చిందో చార్టుతో పోల్చుకోండి. నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. పట్టిన వెంటనే చూడాలి, పొద్దున పట్టి సాయంత్రం చూస్తే ఏమీ మిగలదు. పరీక్ష చేసిన నీళ్లు తాగకుండా పారబోయండి. తర్వాత సంపులో, పైన ట్యాంకులో, వంటింటి పంపు దగ్గర కూడా ఇదే చేయండి. ఫిల్టర్ దాటాక సున్నా వస్తే టెన్షన్ పడొద్దు, అందులోని కార్బన్ క్లోరిన్‌ని లాగేసుకుంటుంది. నిలవ నీళ్లలో క్లోరిన్ తనంతట తాను కూడా తగ్గిపోతుంది కాబట్టి, ట్యాంకులో రంగు రాలేదని మురుగు కలిసిందనుకోలేం.

అది తేల్చడానికి హెచ్‌టూఎస్ (హైడ్రోజన్ సల్ఫైడ్) సీసాలున్నాయి. చిన్న సీసా, లోపల మందు పట్టించిన కాగితం ముక్క. మూత లోపలి వైపు, సీసా అంచు వేలితో ముట్టుకోకుండా గీత వరకు నీళ్లు నింపి, గట్టిగా బిగించి, వెచ్చగా ఉండేచోట 24 నుంచి 48 గంటలు ఉంచండి. నీళ్లు నల్లబడితే మలసంబంధమైన క్రిములు ఉన్నట్టు అనుమానించాలి. మేం మూడు సీసాలు పెట్టాం. నల్లా సీసా తేటగానే ఉంది. సంపు సీసా, ట్యాంకు సీసా మర్నాటి మధ్యాహ్నానికల్లా పెన్సిల్ ముల్లులా నల్లబడిపోయాయి, మీటర్‌లో మాత్రం అదే 180! సంపు మూత తీసి టార్చి వేస్తే, డ్రైనేజీ చాంబర్ వైపు గోడ మీద సన్నటి పగులు, దాని కింద జారిన తడి చార. నల్లబడిన సీసాలో బ్లీచింగ్ పౌడర్ వేసి కాసేపయ్యాక టాయిలెట్‌లో పోసేయండి, వంటింటి సింకులో మాత్రం వద్దు.

బోరు నీళ్ల కథ వేరు. పప్పు ఉడకకపోతే, సబ్బు నురగ రాకపోతే కాఠిన్యం ఎక్కువ. టీ డికాషన్ నల్లగా తిరిగితే ఇనుము ఉండొచ్చు. కానీ నైట్రేట్, ఫ్లోరైడ్ కంటికీ నాలుకకీ దొరకవు, కాచినా పోవు. నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు, ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, మరీ దిక్కులేకపోతే 1.5. నల్లగొండ సంగతి తెలిసినవాళ్లకి ఫ్లోరైడ్ గురించి వేరే చెప్పక్కర్లేదు. వీటికి ల్యాబ్ ఒక్కటే దారి.

నీళ్లని నారాయణగూడలోని ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) గానీ, ల్యాబ్‌లకి గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు ఎన్‌ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబ్‌లో గానీ ఇవ్వచ్చు. క్రిముల పరీక్షకి సీసా ల్యాబ్ నుంచే తెచ్చుకోండి, అందులో క్లోరిన్‌ని విరగ్గొట్టే మందు ఉంటుంది, కడిగేయకండి. పంపు మూతిని స్పిరిట్‌తో తుడిచి, రెండు నిమిషాలు నీళ్లు వదిలి, పైన కొంచెం ఖాళీ ఉంచి పట్టి, ఐసు పెట్టెలో పెట్టి వీలైతే ఆరు గంటల్లోపు చేర్చండి. రిపోర్టులో ఈ.కోలై (మలంలో ఉండే క్రిమి) దగ్గర 100 మిల్లీలీటర్లకు "లేదు" అని ఉండాలి.

ఇంకోటి. ఆర్‌ఓ అమ్మేవాళ్లు ఇంటికొచ్చి రెండు గ్లాసుల్లో ఇనప కడ్డీలు ముంచి, కరెంటు పెట్టి, మీ నీళ్లలో గోధుమరంగు బురద తేలేలా చూపిస్తారు. ఆ బురద కడ్డీ కరిగి వచ్చిన ఇనుము. వాళ్ల ఆర్‌ఓ నీళ్ల గ్లాసులో లవణాలు పెద్దగా లేక కరెంటు సరిగా పారదు, అందుకే తేటగా ఉంటుంది. చిటికెడు ఉప్పు వాళ్ల గ్లాసులో వేసి మళ్లీ పెట్టమనండి, ఆయన సామాను సర్దుకునే వేగం చూడొచ్చు.

నల్లా దగ్గరే తేడా వస్తే జలమండలి నంబరు 155313కి ఫోన్ చేయండి. మాది మా సంపే కాబట్టి గోడ పూడ్పించి, కడిగించి, వారం ఆగి మళ్లీ సీసాలు పెట్టాం. ఈసారి రెండు రోజులైనా నల్లబడలేదు. జూన్‌లో తొలి గట్టి వాన పడ్డ మర్నాడు ఇంకోసారి పెట్టాలి.