కొండ ఎక్కిన రోజును నీటిరంగుల్లో వేయడం ఎలా?

కొండ దిగి వచ్చాక చాలామంది ఫోనులోని ఫొటోను ముందు పెట్టుకుని ఉన్నదున్నట్టు దించుతారు. బొమ్మ అక్కడే చెడుతుంది. ఫోను కెమెరాకు ఉండేది వెడల్పు లెన్సు. కళ్లెదుట గోడలా నిలిచిన శిఖరం అందులో దూరపు గుట్టలా కుంచించుకుపోతుంది. మీరు ఆయాసపడుతూ ఎక్కిన కొండ అది కాదు. కాబట్టి దారిలో ఆగిన చోటల్లా రెండు నిమిషాలు పెన్సిలు పట్టండి. పక్కనే మాటల్లో రాసుకోండి: ఎండ ఎడమ నుంచి, లోయలో పొగమంచు, చివరి వరుస ఆకాశంలో కలిసిపోతోంది. ఇంగ్లండు చిత్రకారుడు టర్నర్ 1802లో ఆల్ప్స్ పర్వతాల్లో తిరుగుతూ పుస్తకాల నిండా గీతలు గీసుకున్నాడు, తర్వాత వాటి ఆధారంగానే రంగుల చిత్రాలు వేశాడు. ఫొటోను చెట్టు ఆకారమో, రాతి పగులో సరిచూసుకోవడానికి మాత్రమే తెరవండి.

సామగ్రి కొంచెమే. 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువున్న) నూలు కాగితం, పోస్టుకార్డుకు రెట్టింపు సైజులో. అంచులకు మాస్కింగ్ టేపు. ఒక పెద్ద గుండ్రటి కుంచె, ఒక చిన్నది. రెండు గ్లాసుల నీళ్లు. రంగులు మూడే: అల్ట్రామెరైన్ నీలం, బర్న్‌ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమ, ఎల్లో ఓకర్ అనే మట్టి పసుపు. మొదటి రెండూ కలిపితే బూడిద రంగు నుంచి దాదాపు నలుపు దాకా వస్తుంది. నలుపు ట్యూబు కొనకూడదు. తెల్ల రంగూ వద్దు, తెలుపంటే కాగితమే.

కొండల గీతలు తేలిగ్గా గీయండి. ఆకాశమంతా నీటితో తడిపి, పలుచటి నీలం పైనుంచి కిందికి దించి, పూర్తిగా ఆరనివ్వండి.

ఇక కొండల వరుసలు. పాడయ్యే బొమ్మలన్నీ ఇక్కడే పాడవుతాయి.

మనకూ దూరపు కొండకూ మధ్య ఉన్న గాలి నీలి కాంతిని ఎక్కువగా చెదరగొడుతుంది. అందుకే ఆ కొండ లేత నీలంగా కనిపిస్తుంది. చివరి వరుసకు నీళ్లు ఎక్కువ, నీలం చిటికెడు. దగ్గరికి వచ్చే కొద్దీ నీళ్లు తగ్గించి, గోధుమ, పసుపు కలపండి. మొత్తం నాలుగు వరుసలకు మించకూడదు.

ప్రతి వరుసకూ పై అంచును ఆరిన కాగితం మీద స్పష్టంగా వేయండి. రంగు తడిగా ఉండగానే, శుభ్రమైన చెమ్మ కుంచెతో కింది అంచును ఒక్కసారి తాకి కిందికి లాగండి. రంగు కరిగి మంచులా మారుతుంది. వెంటనే కుంచె కింద పెట్టండి.

ఇప్పుడు ఆగాలి. తడి కాగితం మొదట మెరుస్తుంది. తర్వాత మెరుపు పోతుంది కానీ లోపల చెమ్మ ఉంటుంది. ప్రమాదమంతా ఈ దశలోనే. సగం కుదురుకున్న రంగులోకి కొత్త నీరు చేరితే దాన్ని బయటికి నెట్టి, కాలీఫ్లవర్ పువ్వులాంటి గరుకు అంచుల మచ్చ వేస్తుంది. దాన్ని సరిచేయబోతే ఇంకా పెద్దదవుతుంది. వేళ్ల వెనక వైపు కాగితానికి ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా ఆరలేదు. హెయిర్ డ్రయ్యర్ వాడేవారు మెరుపు పోయేదాకా దాన్ని ఆన్ చేయకూడదు, గాలి రంగును తోసేస్తుంది. వాడాక కాగితం వేడి తగ్గనిచ్చి అప్పుడు తాకి చూడండి. లేకపోతే ఆ వెచ్చదనం మిమ్మల్ని మోసం చేస్తుంది.

ఇంకొక జాగ్రత్త. నీటిరంగు ఆరాక లేతబడుతుంది. చివరి కొండ వెలిసిపోయిందని మళ్లీ పూత వేయకండి, దగ్గరి వరుసలు పడ్డాక అది తన చోటులో నిలుస్తుంది. అన్ని వరుసలనూ తడిలోనే ఒకేసారి వేసేవారున్నారు. వాళ్ల కొండలు ఒకదానిలోకి ఒకటి కారి, ఏది ముందో ఏది వెనకో తెలియకుండా పోతాయి. మంచు కోసం తెల్ల రంగు పూసేవారి లోయలు సున్నం కొట్టినట్టు ఉంటాయి. నీటితో కరిగించిన అంచు కింద కాగితం వెలుగుతుంది. నిజమైన మంచుకూ ఆ వెలుగు ఉంటుంది.

చివరగా ముందు భాగం: మీరు నడిచిన బాట, రెండు రాళ్లు, చిక్కటి ముదురు రంగులో. గడ్డి పోచలన్నీ లెక్కపెట్టి వేయకండి. బాగా ఆరాక టేపును కాగితానికి ఆనించినట్టుగా వెనక్కి మడుస్తూ మెల్లగా లాగండి. వెనక తేదీ, కొండ పేరు, ఆ దృశ్యం చూసిన వేళ పెన్సిలుతోనే రాయండి. సిరా ముందు వైపుకు ఇంకిపోయే ప్రమాదం ఉంది.