హైలిగెన్‌బెర్గ్ శిఖరం మీది శిథిలాలకు కాలినడకన వెళ్లాలంటే

జర్మనీలో చదువుకునే మన విద్యార్థులు హైడెల్‌బెర్గ్ వెళ్లినప్పుడు సాధారణంగా నెకార్ నదికి దక్షిణపు ఒడ్డున ఉన్న కోట చూసి, పాత వంతెన మీద ఫొటోలు తీసుకుని, సాయంత్రం రైలెక్కి వెనక్కి వస్తారు. అదే వంతెన మీద నిలబడి ఉత్తరంగా చూస్తే దట్టమైన అడవితో కనిపించే కొండ హైలిగెన్‌బెర్గ్. దాని ఎత్తు సుమారు 440 మీటర్లు; నది ఒడ్డు నుంచి ఎక్కవలసింది మూడు వందల మీటర్లకు కొంచెం ఎక్కువ. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో అక్కడ నివసించిన కెల్టులు అనే ప్రాచీన ఐరోపా జాతివారి ప్రాకారం, రోమన్ల దేవాలయపు పునాదులు, మధ్యయుగానికి చెందిన రెండు మఠాలు, నాజీల కాలపు బహిరంగ రంగస్థలం, ఇవన్నీ ఆ ఒక్క కొండ మీదనే ఉన్నాయి. అయితే ఏది ఎక్కడ ఉందో, దేని మీద ఏది కట్టారో తెలియకుండా వెళ్లినవారికి అవి పాత రాళ్లుగానే మిగిలిపోతాయి. అందుచేత ఈ కొండకు దారితో పాటు, చూసే వరుస కూడా ముందుగా నిర్ణయించుకోవడం అవసరం.

ఏప్రిల్ చివరి నుంచి అక్టోబరు మధ్య వరకు ఏ రోజైనా అనుకూలమే. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర వరకు వెలుతురు ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం బయలుదేరినా ఇబ్బంది లేదు. డిసెంబరులో మాత్రం సాయంత్రం నాలుగున్నరకే సూర్యుడు అస్తమిస్తాడు, అడవిలో అంతకంటే ముందే చీకటి కమ్ముతుంది. శీతాకాలంలో వెళ్లదలచినవారు ఉదయం పది గంటలకల్లా వంతెన దగ్గర ఉండాలి. ఆదివారం వెళ్లేటట్లయితే తినుబండారాలు శనివారమే కొనిపెట్టుకోవాలి, ఎందుకంటే జర్మనీలో ఆదివారం సూపర్ మార్కెట్లు మూసి ఉంటాయి. కొండ మీద ఒక చిన్న భోజనశాల ఉన్న మాట నిజమే గాని అది అన్ని రోజులూ, అన్ని వేళలా తెరచి ఉండదు. దానిని నమ్ముకోవడం కంటే డబ్బాలో పులిహోర కట్టుకుని వెళ్లడం మేలు. జర్మనీలో కుళాయి నీరు తాగవచ్చు కాబట్టి ఇంటి దగ్గరే సీసా నింపుకుంటే సరిపోతుంది.

మన భువనగిరి కోటలా ఎండలో బండరాతి మీద ఎక్కవలసిన కొండ కాదిది. పై సగమంతా చెట్ల నీడే. ప్రత్యేకమైన కొండబూట్లు అక్కరలేదు, అడుగున పట్టు ఉన్న మామూలు బూట్లు చాలు. అరిగిపోయిన బూట్లు మాత్రం వద్దు. పూర్తి పొడవు ప్యాంటు, వాన కోటు, పగలు వెళ్లినా చిన్న టార్చి ఉండాలి. చెట్ల మధ్య ఫోను సిగ్నల్ ఒక్కోచోట బలహీనపడవచ్చు గనుక ఆ ప్రాంతపు మ్యాపును ముందే ఫోనులో దింపుకోవాలి. ప్రమాదం జరిగితే 112కు ఫోను చేయాలి. జర్మన్ అడవులలో అక్కడక్కడ సంఖ్య రాసిన అత్యవసర స్థాన ఫలకాలు ఉంటాయి. దగ్గరలోని ఫలకం మీది సంఖ్య చెబితే సహాయ బృందం నేరుగా అక్కడికి రాగలుగుతుంది. దారిలో అవి కనిపించినప్పుడల్లా ఒకసారి చదువుకోవడం మంచి అలవాటు.

డాయిచ్‌లాండ్ టికెట్ అనే నెలవారీ ప్రయాణ పాసు ఉన్నవారికి ప్రయాణ ఖర్చు విడిగా ఉండదు. కాకపోతే అది ప్రాంతీయ రైళ్లలో, ఎస్-బాన్ అనే స్థానిక రైళ్లలో, ట్రాములలో, బస్సులలో మాత్రమే చెల్లుతుంది, ఐసీఈ అనే అతివేగ రైలులో చెల్లదు. హైడెల్‌బెర్గ్ ప్రధాన స్టేషనులో దిగవద్దు. ఎస్-బాన్‌లో ఆల్ట్‌స్టాట్ స్టేషను వరకు వెళ్లి, కార్ల్స్ తోరణం పక్కగా నది వెంట పడమటికి నడిస్తే కొద్దిసేపటిలో పాత వంతెన వస్తుంది. 1788లో పూర్తయిన ఈ వంతెన దాటి రోడ్డుకు అవతలి పక్కకు చేరితే అక్కడే ష్లాంగెన్‌వెగ్ అనే మెట్లదారి మొదలవుతుంది.

మొత్తం ప్రయాణంలో కష్టమైన భాగం ఇదే. ఇరుపక్కలా రాతిగోడలు, మధ్యలో మనిషి పట్టేంత దారి, ఒకదానితో ఒకటి సరితూగని ఎర్ర ఇసుకరాతి మెట్లు. వాన పడిన మర్నాడు నీడపట్టున ఉన్న మెట్ల మీద నాచు, ఆకులు కలిసి జారుడుగా ఉంటాయి కాబట్టి అంచు మీద కాక మెట్టు లోపలి భాగంలో పాదం మోపాలి. వంపు తిరిగిన ప్రతిచోటా ఆగి వెనక్కి చూస్తే నది, వంతెన, ఎదుటి కోట కొంచెం కొంచెంగా కిందికి దిగుతూ కనిపిస్తాయి. ఊపిరి అందకపోతే ఆగడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదు. మెట్లు ముగిసేసరికి ఫిలాసఫెన్‌వెగ్ అనే చదునైన బాట వస్తుంది. చాలామంది పర్యాటకులు ఇక్కడితో ఆగిపోతారు. మనం ఆగకుండా అడవిలోకి, పైకి సూచించే ఫలకాల వెంట నడవాలి. ఎక్కడా పరుగెత్తకపోయినా వంతెన నుంచి శిఖరానికి సుమారు ఒకటిన్నర గంటలో చేరవచ్చు.

మొదట ఎదురయ్యేది 11వ శతాబ్దం చివర స్థాపించిన సెయింట్ స్టీఫన్ మఠపు శిథిలం. ఇక్కడ గోడలు మోకాలెత్తుకు మించి పెద్దగా మిగలలేదు, అందుకు కారణం పక్కనే ఉంది: 1885లో కట్టిన బురుజుకు ఈ మఠపు రాళ్లనే వాడారు. శిథిలాన్ని విప్పి, దాన్ని చూడటానికి వచ్చేవారి కోసం బురుజు కట్టడం ఆనాటి అభిరుచి. బురుజు ఎక్కితే పాత పట్టణం, కోట బాగా కనిపిస్తాయి కనుక ఎక్కడమే మంచిది. దగ్గరలోనే హైడెన్‌లోహ్ అనే నిలువు గొయ్యి ఉంది. దాదాపు 55 మీటర్ల లోతు గల దానిని ఎవరు, ఎందుకు తవ్వారో పండితులు ఇప్పటికీ తేల్చలేదు.

తర్వాత దారి రంగస్థలం దగ్గరికి తీసుకువెళుతుంది. అప్పుడే దాని మెట్లు ఎక్కవద్దని నా సలహా. ఆ కట్టడం ఎంత భారీగా ఉంటుందంటే, ముందు దాన్ని చూసినవారికి శిఖరం మీది పాత గోడలు వెలవెలబోతాయి. పక్కనున్న అడవి బాటన పైకి వెళుతూ నేలను గమనించండి. చెట్ల వేళ్ల మధ్య పొడుగ్గా, గట్టులా సాగిపోయే రాళ్లవరుస కనిపిస్తే అది కెల్టుల ప్రాకారమే. కొండ చుట్టూ అటువంటివి రెండు వరుసలు ఉండేవి. గోడలా నిలబడి లేకపోవడం వల్ల దానిని గుర్తుపట్టకుండానే దాటిపోయేవారు ఎందరో.

శిఖరం మీద సెయింట్ మైకేల్ మఠం ఉంది. లోర్ష్ అనే ఊరి మఠాధిపతులు 9వ శతాబ్దంలో ఇక్కడ చర్చి కట్టించారు, 1023లో మఠం ఏర్పడింది. ఇక్కడ కనీసం అరగంట గడపాలి. ముందుగా పడమటి వైపు నుంచి ప్రవేశించి, చర్చి నడిమి భాగం ఎంత పొడవుందో నడిచి చూడండి. ఆ నేల అడుగుననే మెర్క్యురీ దేవుడికి రోమన్లు కట్టిన గుడి పునాదులు బయటపడ్డాయి. ఒక మతం వారు పవిత్రమనుకున్న చోటనే తరువాతి వారు తమ పూజాస్థలం నిలపడం మనకు కొత్త విషయం కాదు గాని, ఒకే గదిలో నిలబడి దానిని కళ్లారా చూసే అవకాశం అరుదు. 1503లో ఇక్కడి గంటల బురుజు కూలి, నిద్రలో ఉన్న చివరి ముగ్గురు సన్యాసులు మరణించారు. ఆ తరువాత మఠం మళ్లీ కోలుకోలేదు. ఎంత చిన్నదైనా ఇక్కడి రాయిని జ్ఞాపికగా తీసుకురాకూడదు, గోడల మీద నిలబడి ఫొటోలు దిగకూడదు.

దిగేటప్పుడు రంగస్థలం పై అంచు నుంచి మెట్లవెంట కిందికి రండి. 1935లో నాజీ ప్రచార మంత్రి గోబెల్స్ ప్రారంభించిన ఈ కట్టడం వేలాది మంది కూర్చునేలా, ప్రచార సభల కోసమే కట్టినది. అయితే అటువంటి ప్రదర్శనల మీద మోజు కొద్ది ఏళ్లలోనే తగ్గిపోయింది. పై అంచున కూర్చుని చూస్తే జనాన్ని ఒక్క బిందువు వైపు చూసేలా చేసే కట్టుబడి ఎలా పనిచేస్తుందో అర్థమవుతుంది. ఒక హెచ్చరిక తప్పనిసరి: జర్మనీలో నాజీ వందనం చేయడం, వారి గుర్తులను ప్రదర్శించడం శిక్షార్హమైన నేరం. స్నేహితుల మధ్య వేళాకోళానికి చేసినా, ఫొటో కోసం చేసినా కేసు పెట్టవచ్చు, విదేశీ విద్యార్థికి దాని పర్యవసానం వీసా దాకా వెళ్లవచ్చు. మన స్వస్తిక్ పవిత్ర చిహ్నమే అయినా, అది ఉన్న చొక్కా, సంచి ఈ రోజుకు ఇంట్లో వదిలిరండి.

తిరుగుదారికి మళ్లీ ష్లాంగెన్‌వెగ్ మెట్లు దిగనక్కరలేదు. పడమటి వైపు దిగే బాట హాండ్‌షూస్‌హైమ్ అనే పేటకు చేరుస్తుంది. మోకాళ్లకు అది సుఖం, అక్కడి నుంచి ట్రాము కూడా దొరుకుతుంది.

గదికి చేరగానే చేయవలసిన పని ఒకటుంది. హైడెల్‌బెర్గ్ ఉన్న బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రపు అడవుల గడ్డిలో పిడుజులు ఉంటాయి, వాటి కాటు వల్ల బోరెలియోసిస్ (లైమ్ వ్యాధి), ఒక రకం మెదడువాపు వంటి జబ్బులు రావచ్చు. స్నానం చేసేటప్పుడు మోకాలి వెనక, చంకలు, గజ్జలు, నడుము చుట్టూ, తల వెంట్రుకల అంచు వెతకాలి. పిడుజు కనిపిస్తే నూనె, జిగురు పూయకుండా, ఫార్మసీలో దొరికే సన్నని పట్టకారుతో చర్మానికి ఆనుకుని పట్టుకుని, నలపకుండా నిదానంగా లాగి తీసి, ఆ చోట శుభ్రం చేసి తేదీ రాసుకోవాలి. ఈ రకం మెదడువాపుకు టీకా ఉంది. ఈ రాష్ట్రంలో చాలాకాలం ఉండబోయే విద్యార్థులు దాని గురించి తమ ఆరోగ్య బీమా సంస్థను అడగడం మంచిది. బోరెలియోసిస్‌కు టీకా లేదు, కాబట్టి తరువాతి కొన్ని వారాలలో కాటు చుట్టూ ఎర్రటి వలయం పెరుగుతూ కనిపించినా, జ్వరం వచ్చినా రాసుకున్న తేదీతో డాక్టరు దగ్గరికి వెళ్లాలి.