వానలు ముదిరేలోపు పెళ్ళి డీవీడీలు కాపీ చేసుకునేవాళ్లకు

పోయిన నెల బరంపురంలో తెలిసినవాళ్లింట్లో జరిగింది. 2009 నాటి పెళ్ళి డీవీడీని వాళ్లబ్బాయి ల్యాప్‌టాప్‌లో కంప్రెస్ చేశాడు. నాలుగు జీబీ పైచిలుకు కాస్తా ఏడువందల ఎంబీకి దిగింది. మొదటి పది నిమిషాలు చూసి బాగుందనుకున్నారు. ఇల్లు సర్దుతూ డిస్కులన్నీ పాతసామాన్లవాడికి వేసేశారు. ఇప్పుడు చూస్తే ఫైలు తలంబ్రాలతో అయిపోతోంది. అప్పగింతలు లేవు, రిసెప్షన్ లేదు.

సాఫ్ట్‌వేర్ చెడిపోలేదు. వీడియోగ్రాఫర్లు ఒకే డిస్కులో ముహూర్తం ఒక టైటిల్‌గా (అంటే విడి వీడియోగా), అప్పగింతలు ఒకటిగా, రిసెప్షన్ ఇంకొకటిగా పెడతారు. కంప్రెస్ చేసే ప్రోగ్రాములు చాలావరకు అన్నిటికన్నా పొడవైనదాన్నే తమంతట తాము ఎంచుకుంటాయి. మిగతావి లిస్టులోనే ఉంటాయి, కానీ మనం తెరిచి చూడం.

అందుకే ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని ఎవరు అడిగినా నేను ముందు చెప్పేది ఒక్కటే: సైజు తగ్గించిన ఫైలు బ్యాకప్ కాదు. ముందు డిస్కును ఉన్నదున్నట్టు హార్డ్‌డిస్క్‌లోకి ఎత్తండి. ఇంట్లో తీయించుకున్న డిస్కుకు కాపీ కాకుండా అడ్డుకునే తాళాలుండవు. డిస్కులో వీడియో ఉండే వీడియో_టీఎస్ ఫోల్డర్ మొత్తం కాపీ చేస్తే చాలు, లేదా డిస్కంతా ఒకే ఫైలుగా, అంటే ఐఎస్‌ఓ ఫైలుగా చేయండి. మామూలు డిస్కు 4.7 జీబీ. 1 టీబీ హార్డ్‌డిస్క్‌లో అలాంటివి రెండువందలకు పైగా పడతాయి. ఇంత చోటుండగా కంప్రెస్ చేయాల్సిన తొందరేమిటి? ఒకప్పుడు డీవీడీ ష్రింక్ అనే ప్రోగ్రాముతో 8.5 జీబీ డిస్కును 4.7లోకి కుక్కేవాళ్లంటే ఖాళీ డిస్కులో అంతకుమించి పట్టదు గనక. ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు.

ఫోన్‌లో, టీవీలో చూసుకోవడానికి చిన్న ఫైలు కావాలా? సరే. హ్యాండ్‌బ్రేక్ అనే ప్రోగ్రాము వాడండి, డబ్బు కట్టక్కర్లేదు. డిస్కు నుంచి కాదు, హార్డ్‌డిస్క్‌లోని కాపీ నుంచి చేయండి. గీతలు పడ్డ డిస్కును నేరుగా ఇస్తే చదవలేని చోట్లు దాటేసి, పని పూర్తయిందనే చూపించవచ్చు. మొండికేసే డిస్కుకు లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాము ఉంది. అది ముందు బాగున్న భాగం తీసుకుని, తరవాత చెడ్డచోటికి మళ్లీ మళ్లీ వెళ్తుంది.

హ్యాండ్‌బ్రేక్‌లో క్వాలిటీ అంకె 18 నుంచి 22 మధ్య ఉంచండి. అంకె తగ్గేకొద్దీ బొమ్మ బాగుంటుంది, ఫైలు పెరుగుతుంది. మన డీవీడీల బొమ్మ 720x576 చుక్కలు, మన టీవీల పాల్ పద్ధతిది. 1080కి పెంచితే సైజు పెరుగుతుందే తప్ప మొహాలు తేటపడవు. బరాతులో డాన్సు చేసేవాళ్ల చేతుల చుట్టూ దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తే ఫిల్టర్లలో డీఇంటర్లేస్ ఆన్ చేయండి.

వానల్లో మన పర్లాకిమిడి, రాయగడ వైపు కరెంటు సంగతి తెలిసిందే. ఫైలు ఎంపీ4గా కాక ఎంకేవీ రకంగా చేయండి. ఎంపీ4లో ఏది ఎక్కడుందో చెప్పే సూచికను సాధారణంగా చివర్లో రాస్తారు. మధ్యలో కరెంటు పోతే అప్పటిదాకా అయినదీ తెరుచుకోదు. ఎంకేవీలో అయినంతవరకు దక్కే అవకాశం ఎక్కువ.

మిగతావి గుర్తొచ్చిన వరసలో:

డిస్కును మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవండి, గుండ్రంగా తుడవద్దు. సమాచారం గుండ్రంగా రాసి ఉండే ట్రాక్ వెంబడే గీత పడితే డ్రైవ్ తప్పు దిద్దుకోలేదు.

ముందు, ఇంట్లో రైట్ చేసిన డిస్కులు కాపీ చేయండి. దుకాణంలో కొన్న సినిమా డిస్కులు ఆగగలవు, రంగు పూత మీద రాసినవి ఆగవు.

సినిమా డిస్కుల తాళాల జోలికి పోవద్దు. 2012 సవరణతో కాపీరైట్ చట్టంలో దానికో సెక్షన్ చేరింది.

ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేయండి, లోపల ఏమీ లేకుండా చూసుకుని.

సాఫ్ట్‌వేర్ సొంత సైటు నుంచే దించండి, ఫైలు మారలేదని చూపే చెక్‌సమ్ అంకె సరిచూడండి. 2017 మేలో హ్యాండ్‌బ్రేక్ వాళ్ల డౌన్‌లోడ్ సర్వర్ ఒకదానిలోనే మ్యాక్ ఫైలు తీసేసి దొంగ ప్రోగ్రామ్ పెట్టారు. అలాంటిది, వెతుకులాటలో పైన కనబడే ప్రకటన నొక్కుతారా?

ట్రయల్ వెర్షన్‌తో మొదలుపెట్టొద్దు. సగంలో ఆపుతుంది, లేకపోతే పెళ్లికూతురి మొహం మీద తన పేరు రాస్తుంది.

కంప్రెస్ చేసినదాన్ని మళ్లీ కంప్రెస్ చేయొద్దు.

వాట్సాప్‌లో పంపిన వీడియో బ్యాకప్ కాదు. అది మామూలుగా ఇంకా చిన్నది చేసి పంపుతుంది.

టైటిల్స్ లిస్టు తెరవండి. ఒక్కొక్కటి చూడండి. నిమిషాలు కూడి, చేసిన ఫైళ్లతో సరిపోయాయో చూడండి.

ఫైలు చివరిదాకా చూడండి. మధ్యలో కాదు, చివరిదాకా.

రెండో కాపీ ఇంకో ఊళ్లో ఉండాలి. 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2018లో తిత్లీ గజపతి జిల్లాను ముంచింది. ఒకే బీరువాలో రెండు హార్డ్‌డిస్క్‌లు పెట్టి నిశ్చింత అనుకోవద్దు. విశాఖలో ఉన్న అక్కకో, బావగారికో ఒకటి ఇచ్చిరండి.

ఇంత చేశాక కూడా డిస్కులు పారేయొద్దు. పాతసామాన్లవాడు కిలోకి ఎంతిస్తాడు?